వరుడు గట్టు దాటాడు

గుణుపురంలో రాత్రి పదకొండు.
కింద మిఠాయి కొట్టు షట్టరు దిగిన చప్పుడు విన్నాక
ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి
వంశధార గురించి చెప్పడం మొదలుపెడతాను.
మూడో యూనిట్టు, నదులు మైదానాలు,
నలభై రెండు నిమిషాలు, మూడొందల ఎంబీ.

మనసులో ఒక విద్యార్థి ఉండేవాడు నాకు.
బల్ల ముందు కుదురుగా కూర్చుంటాడు,
కళ్లూ చెవులూ సరిగ్గా పనిచేస్తాయి,
కరెంటు పోదు, పొయ్యి దగ్గరకి ఎవరూ పిలవరు,
అచ్చులో ఉన్నట్టే మాట్లాడతాడు.
వాడికోసం రెండేళ్లు పాఠాలు చేశాను.
వాడు ఇంతవరకూ చేరలేదు.

పైనుంచి వచ్చే ఫారంలో ఒక గడి ఉంటుంది,
అందరికీ అందుబాటు: అవును, కాదు.
అవును అని టిక్కు కొట్టి
టీ తాగడానికి వెళ్లేదాన్ని.

చేరినవాళ్లలో జోగేశుకి వినపడదు.
మాటల్ని అక్షరాలు చేసే యంత్రాన్ని నమ్మి వదిలేశాను.
"వరద గట్టు దాటింది" అని నేనంటే
"వరుడు గట్టు దాటాడు" అని అది రాసింది.
పరీక్షలో జోగేశు జవాబు:
పెళ్లికొడుకు ఎందుకు దాటాడో పాఠంలో లేదు,
కట్నం దగ్గర పేచీ అయుంటుంది.
నవ్వాను. తరవాత
పదిహేడు వీడియోల్లో ఎంతమంది పెళ్లికొడుకులు
ఏ గట్లు దాటారో చూడ్డానికి కూర్చుని
ఆ రాత్రి నిద్రపోలేదు.

సలోమి సబర పుట్టాసింగి నుంచి.
ఇంట్లో సవర, బళ్లో ఒడియా, సంతలో తెలుగు.
"మీ కోర్సు నాలుగో భాషలో ఉంది మేడం" అంది.
నాలుగోదేమిటి అన్నాను.
"పుస్తకం తెలుగు."
సిగ్నలు కోసం జీడిమామిడి తోట పైకెక్కుతుంది,
కోతల నెలలో అదే తోటలో కూలి,
చేతులకి జీడి రసం మచ్చలు, వేలిముద్ర పడదు,
ఫోను తెరుచుకోదు.
ఆ వారమే నేను పెట్టిన క్విజ్ గడువు:
ఇరవైనాలుగు గంటలు.

పైడితల్లిది గుడారి. చూపు లేదు.
ఆమె ఫోను నా పేజీని చదువుతుంటే పక్కన కూర్చున్నాను.
బొమ్మ. బొమ్మ. బొమ్మ. పేరులేని బటన్. బొమ్మ.
"అంటంది గానీ, ఏటి బొమ్మో సెప్పదేటి మేడం?"
నా దగ్గర జవాబు లేదు.
పదిహేడో స్లైడులో నాలుగు బాణాలు గీసి
కింద "అడుగు భారం" అని రాసింది నేనే.

అప్పుడే పెట్టె వచ్చింది, కళ్లకి తగిలించుకునే నది.
జిల్లాకి ఒకటే. తిప్పితే తల తిరిగే నది,
నీలంగా, బురద లేకుండా.
అందరూ పెట్టుకుని చూశారు.
పైడితల్లి చేత్తో తడిమి, పెట్టుకుని
కాసేపు తల వంచి విన్నది.
"ఇది మన ఏరు కాదండి.
వరదొస్తే నీళ్ల కింద రాళ్లు దొర్లుతాయి,
నిద్దట్లో పళ్లు కొరికినట్టు.
మా అమ్మ ఆ సద్దు వినే మేకల్ని పైకి తోలేది."

ఏడేళ్లు చెప్పాను అడుగు భారం.
ఒక్కసారి వినలేదు.

పదిహేడో స్లైడులో బొమ్మకి వివరణ ఇప్పుడు ఆమెది,
పళ్లు కొరకడంతో సహా. పేరు కూడా పెట్టాను.
నలభై రెండు నిమిషాలు ఏడు ముక్కలయ్యాయి,
ఒక్కోటీ గొంతు మాత్రమే, ఒక ఎంబీ లోపు.
అక్షరాలు చేత్తో దిద్దుతున్నాను,
నిమిషానికి ఆరు నిమిషాలు.
గడువు తీసేస్తే పైవాళ్లు ఒప్పుకోలేదు,
జీడి కోతలయ్యేదాకా జరిపారు, అంతే.
ఈసారి గడిలో ఏ టిక్కూ పెట్టలేదు,
ఫారం తిరిగొచ్చింది.

పదకొండూ నలభై.
తెర మీద సలోమి పేరు పక్కన
పచ్చచుక్క వెలిగింది.
రెండో ముక్క దిగుతోంది,
నలభై శాతం, యాభై, అరవై రెండు.
ఆగింది.
కొండ మీద వానేమో.
దుప్పటి తీసి కిటికీ తెరిచాను,
ఏటి వైపు.